100 అడుగుల ఫిల్మ్ డబ్బా నలుగురం కలిసి కొంటే గిట్టుబాటవుతుందా? (మద్రాసు)

ఎఫ్8_శీను
వలసరవాక్కంలో ఉంటాను. నెలకి మూడు రోల్స్ దాకా తీస్తాను. అన్నీ 35 ఎంఎం, బ్లాక్ అండ్ వైట్. రోల్ ధర పెరిగేకొద్దీ షట్టర్ నొక్కే ముందు ఆలోచన కూడా పెరిగిపోతోంది. మొన్న మా పాప నవ్వుతుంటే, దీనికి ఒక ఫ్రేము ఖర్చు పెట్టొచ్చా అని ఆగాను. నేను తేల్చుకునేలోపు నవ్వు అయిపోయింది.

అందుకని మేం నలుగురం కలిసి 100 అడుగుల డబ్బా కొని, లోడర్‌తో (పెద్ద చుట్టని చిన్న క్యాసెట్లలోకి ఎక్కించే పెట్టె) మేమే క్యాసెట్లలోకి చుట్టుకుందామనుకుంటున్నాం. నిజంగా ఏమైనా మిగులుతుందా? ఇక్కడి ఎండకి డబ్బా ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంకో సంగతి. సాలిగ్రామంలో మా ఓనర్ గారి చుట్టాలింట్లో అటక మీద ఒక 400 అడుగుల డబ్బా ఉంది. కొడాక్ అని, 5218 అని ఉంది. చుట్టూ టేపు అలాగే ఉంది. వాళ్ల తాతగారు సినిమాల్లో పనిచేసేవారట. తక్కువకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

గింజలపిచ్చి
తీసుకో. మళ్లీ అడగకు.

చీకటిగది
గింజలపిచ్చి మాట వినకండి. ఆయనకి గ్రెయిన్ (ఫొటోలో కనపడే గింజలు) ఉంటే చాలు, బొమ్మ లేకపోయినా ఫర్వాలేదు.

ముందు లెక్క. 100 అడుగులంటే 30.5 మీటర్లు. ఒక ఫ్రేము 36 మిల్లీమీటర్లు, మధ్య సందు 2, అంటే 38. ముప్ఫై ఆరు ఫ్రేములకి 1.37 మీటర్లు. కెమెరాలో తగిలించే ముందు నాలుకకి, వెనక స్పూల్‌కి కలిపి ఇంకో 30 సెంటీమీటర్లు వేసుకోండి. రోల్‌కి 1.67 మీటర్లు, అంటే అడుగుల్లో ఐదున్నర. మొత్తం 18 రోల్స్ వస్తాయి. 19 వచ్చాయని ఎవరైనా అంటే వాళ్లు నాలుకలో పిసినారితనం చేశారన్నమాట.

నేను కొన్నప్పుడు డబ్బా ధర పన్నెండు విడి రోల్స్ ధరకి సమానమైంది. అంటే ఆరు రోల్స్ లాభం. కానీ లోడర్‌కి ఐదు రోల్స్ ధర పోయింది, క్యాసెట్లకి ఒకటి పోయింది. మొదటి డబ్బాకి చెల్లుకి చెల్లు. మీకు మిగలడం మొదలయ్యేది రెండో డబ్బా నుంచి. రెండోది కొనే ఓపిక లేకపోతే మొదటిది కూడా కొనొద్దు.

వేళచ్చేరి_వాణి
చీకటిగది గారి లెక్కలో పాడైపోయే రోల్స్ లేవు. నా మొదటి డబ్బాలో 18కి 14 మాత్రమే మనుషులు చూడదగ్గవి వచ్చాయి. ఒకటి లోడర్ మూత సరిగ్గా పడక వెలుతురు తిన్నది. ఒకటి కెమెరాలో స్పూల్ నుంచి ఊడిపోయింది. రెండు మొదట్నుంచి చివరిదాకా గీతలు.

చీకటిగది
ఒప్పుకుంటాను. 18 బదులు 15 వేసుకోండి.

అంబత్తూర్_అబ్బాయి
శీను చెప్పిన నలుగురిలో నేనొకణ్ణి. మాకు నెలకి మనిషికి మూడు రోల్స్ అంటే 12. డబ్బా ఆరు వారాల్లో అయిపోతుంది. ఇక ఎండ సమస్య ఎక్కడిది?

వేళచ్చేరి_వాణి
అబ్బాయ్, గత మూడు నెలల్లో నువ్వు ఎన్ని రోల్స్ తీశావు? నిజం చెప్పు.

అంబత్తూర్_అబ్బాయి
ఒకటిన్నర.

వేళచ్చేరి_వాణి
ఇదే నేను చెప్పేది. కొనేటప్పుడు అందరూ వీరులే. పైగా 18 రోల్స్ ఒకే ఫిల్మ్. ఐదో రోల్‌కే విసుగొస్తుంది. నాకు 100 అడుగుల డబ్బా ఏడాదిన్నర పట్టింది. అందులో సగం కాలం ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన గడిపింది.

2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చినప్పుడు మా వీధిలో ఐదు రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్ కూడా గదంత వేడెక్కింది. కరెంటు వచ్చి ఫ్రిజ్ మళ్లీ చల్లబడ్డాక సంతోషంతో డబ్బా తీసి, చల్లగా ఉండగానే వెలుతురు చొరని చేంజింగ్ బ్యాగ్‌లో మూత తీశాను. గాలిలో తేమంతా వెళ్లి ఫిల్మ్ మీద కూర్చుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని, విప్పుతుంటే చీర పట్టి లాగినట్టు చప్పుడు. పై ఐదారడుగులు మచ్చలే మచ్చలు.

కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని ఆ రాత్రంతా అలాగే మూత బిగించి బయట పెట్టండి. విడి రోల్‌కి రెండు మూడు గంటలు సరిపోతాయి, పెద్ద డబ్బాకి సరిపోవు.

పాత_అసిస్టెంట్
అటక మీది డబ్బా గురించి ఎవరూ మాట్లాడరేం?

నేను ముప్ఫై ఏళ్లు కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. మ్యాగజైన్, అంటే సినిమా కెమెరాకి తగిలించే ఫిల్మ్ పెట్టె, లోడ్ చేయడమే నా మొదటి ఉద్యోగం. 5218 అంటే విజన్2 500టీ, స్పీడు 500 ఉన్న కొడాక్ కలర్ సినిమా ఫిల్మ్. 2002లో వచ్చింది. 2007లో 5219 వచ్చాక దాన్ని అడిగేవాళ్లు తగ్గిపోయారు. అంటే మీ డబ్బాకి తక్కువలో తక్కువ పదిహేనేళ్లు. పైగా అటక మీద. ఇక్కడ రోహిణీ కార్తెలో అటక మీద చేయి పెట్టి చూడండి, ఎంతసేపు ఉంచగలరో.

స్పీడు (వెలుతురుని పట్టే చురుకు) ఎక్కువున్న ఫిల్మ్ త్వరగా ముసలిదవుతుంది. 50డీ అయితే ఇంకా ఆశ ఉండేది. 500టీ అంటే లోపల పొగమంచు పట్టేసి ఉంటుంది.

ఇంకో మాట. టేపు ఉందంటున్నారు. ఏ టేపు? కంపెనీ టేపా, మాలాంటివాళ్లు వేసిందా? డబ్బా మీద చేత్తో ఏమైనా రాసి ఉందా?

ఎఫ్8_శీను
పాత_అసిస్టెంట్ గారూ, నల్ల గుడ్డ టేపు. మూత మీద తెల్ల టేపు ముక్క అతికించి పెన్నుతో ఎస్ ఇ అని, తర్వాత ఏదో నంబరు. చెదలు తిన్నట్టుంది, చదవడం కుదర్లేదు.

పాత_అసిస్టెంట్
ఎస్ ఇ అంటే షార్ట్ ఎండ్. 400 అడుగులు కాదు బాబూ. షాట్ అయ్యాక మ్యాగజైన్‌లో మిగిలిన ముక్క. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. నిండు డబ్బా అయితే కదలదు. లోపల లొడలొడ అంటే ముక్కే.

ఆ ఎస్ ఇ లేకుండా ఊరికే టేపు ఉంటే ఇంకో ప్రమాదం ఉండేది. అది అప్పటికే షూట్ చేసేసిన ఫిల్మ్ కూడా కావచ్చు, ల్యాబ్‌కి వెళ్లనిది. తెలియకుండా దాని మీదే మళ్లీ తీస్తే మీ పాప నవ్వు మీద ఎవరి ఫైటింగో పడుతుంది.

గింజలపిచ్చి
డబుల్ ఎక్స్‌పోజర్! నేను రెట్టింపు ధర ఇస్తాను.

ఎఫ్8_శీను
ఇప్పుడే వెళ్లి ఊపి వచ్చాను. లొడలొడ.

మూడోకన్ను
పాత_అసిస్టెంట్ గారూ, షార్ట్ ఎండ్స్ ఆ రోజుల్లో ఏం చేసేవాళ్లు? పారేసేవాళ్లా?

పాత_అసిస్టెంట్
పారేయడమా! అప్పట్లో నెగటివ్ అంటే బంగారం. మేం ముడి ఫిల్మ్‌ని కూడా నెగటివ్ అనే అనేవాళ్లం. 'నెగటివ్ ఎంత ఉంది' అనేది సెట్‌లో రోజూ వినపడే మాట. సెకనుకి 24 ఫ్రేములంటే నిమిషానికి 90 అడుగులు పోతుంది. 400 అడుగుల మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. హీరో డైలాగ్ మర్చిపోయాడంటే ప్రొడ్యూసర్ గారి ముఖంలో అడుగులు లెక్క కనపడేది.

నూటయాభై అడుగులు మిగిలితే ఇన్సర్ట్ షాట్లకి దాచేవాళ్లం. ఇంకా చిన్న ముక్కలు మా స్టిల్స్ ఆయన అడిగి తీసుకునేవాడు. ఆయన దగ్గర లోడర్ లేదు, ఏమీ లేదు. చీకటి గదిలో తలుపు చట్రానికి రెండు మేకులు, మధ్య దూరం ఒక రోల్ పొడవు. చీకట్లో ఈ మేకు నుంచి ఆ మేకు దాకా లాగి, కత్తిరించి, స్పూల్‌కి టేపేసి చుట్టేవాడు. నిమిషంలో ఒక రోల్. మీ లోడర్ ధర ఐదు రోల్స్ అని చదివి నవ్వొచ్చింది. రెండు మేకుల ధర ఎంత?

చీకటిగది
మేకుల పద్ధతిలో ఇంకో లాభం ఉంది. లోడర్‌లో ఫిల్మ్ చివరని వెలుతురులో స్పూల్‌కి అతికిస్తాం కదా, అందుకే ప్రతి రోల్‌లో చివరి ఫ్రేములు మాడిపోతాయి. మూడు డజన్లు తీశాక ఇంకో రెండు వస్తున్నాయని సంబరపడి, అసలైన ఫొటో అక్కడ తీసేవాళ్లని చూశాను. సొంతంగా చుట్టిన రోల్‌లో 35 దగ్గర ఆగండి. చీకట్లో చుడితే ఆ బాధ లేదు.

వేళచ్చేరి_వాణి
కానీ మే నెలలో తలుపులు మూసి, ఫ్యాన్ లేకుండా, చీకట్లో 18 సార్లు మేకు నుంచి మేకుకి... చెమట చేత్తో ఎమల్షన్ మీద వేలిముద్ర పడితే నెగటివ్ ఆధార్ కార్డు అవుతుంది.

అంబత్తూర్_అబ్బాయి
వాణి అక్కా, గీతలు పడ్డాయన్నావు కదా. ఎందుకు పడ్డాయి?

వేళచ్చేరి_వాణి
ఒకే క్యాసెట్‌ని పదోసారి వాడాను. క్యాసెట్ నోటి దగ్గర నల్ల వెల్వెట్ ఉంటుంది చూడు, అందులో చిన్న ఇసుక రేణువు చేరినా చాలు. ఫిల్మ్ పొడవునా రెండు సమాంతర గీతలు. వాటిని ట్రామ్ లైన్లంటారు.

మూడోకన్ను
మద్రాసులో ట్రాములు 1953లోనే ఆగిపోయాయి. మీ ఫిల్మ్ మీద ఇంకా నడుస్తున్నాయన్నమాట.

వేళచ్చేరి_వాణి
టికెట్ కూడా నేనే కొన్నాను.

చీకటిగది
లోడర్లలో కూడా రెండు రకాలు. కొన్నింట్లో ఫిల్మ్ వెల్వెట్ సందులోంచి వస్తుంది. అక్కడా దుమ్ము చేరితే ఇదే కథ. వాట్సన్ లాంటి వాటిలో చుట్టేటప్పుడు సందు పూర్తిగా తెరుచుకుంటుంది, ఫిల్మ్ దేనికీ తగలదు. కానీ సందు తెరిచి ఉండగా పొరపాటున మూత తీశారంటే మిగిలిన డబ్బా మొత్తం పోయింది. ఆల్డెన్ 74కి ఫ్రేములు లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది, కొత్తవాళ్లకి అది హాయి. ఏదైనా ఇప్పుడు దొరికేది ఎక్కువగా పాతదే. కొనేముందు లోపల ఊది, వెలుతురుకి ఎత్తి చూడండి.

క్యాసెట్లకి డబ్బు పెట్టక్కర్లేదు. కలర్ ప్రింట్లు వేసే ల్యాబ్‌ని అడిగితే ఖాళీవి ఉత్తినే ఇస్తారు. ఒక సెంటీమీటరు ఫిల్మ్ తోక బయటికి వదిలి కత్తిరించమని చెప్పండి. ఆ తోకకి మీ ఫిల్మ్ అతికించి చుట్టేయడమే, క్యాసెట్ విప్పే పని లేదు. మూడు నాలుగు సార్లు వాడి పారేయండి.

మూడోకన్ను
ల్యాబ్ క్యాసెట్‌కి ఇంకో చిక్కు. దాని మీద డీఎక్స్ కోడ్ ఉంటుంది కదా, ఫిల్మ్ స్పీడు కెమెరాకి చెప్పే ఆ వెండి గళ్లు. 200 ఫిల్మ్ క్యాసెట్‌లో 400 చుట్టి నా ఆటోమేటిక్ కెమెరాలో వేశాను. అది 200 అనుకుని తీసింది. అన్నీ ఒక స్టాప్ ఎక్కువ, అంటే వెలుతురు రెట్టింపు. ఏ కోడూ లేని ప్లాస్టిక్ క్యాసెట్ అయితే చాలా కెమెరాలు 100 అనుకుంటాయి. స్పీడు చేత్తో పెట్టుకునే కెమెరా అయితే ఈ గొడవ లేదు.

ఎఫ్8_శీను
మా నలుగురివీ చేత్తో తిప్పేవే. టేపు ఏది వాడాలి? వాణి గారికి స్పూల్ నుంచి ఊడిందన్నారు.

వేళచ్చేరి_వాణి
మామూలు సెలోటేపు వద్దు. ఇక్కడి వేడికి జిగురు కరిగి జారిపోతుంది. మాస్కింగ్ టేపు, రెండు వైపులా. నాది 36 తర్వాత కూడా తిరుగుతూనే ఉంది. ఎంత అదృష్టం అనుకున్నాను. తీరా వెనక్కి చుడితే ఏమీ కదల్లేదు, ఫిల్మంతా కెమెరా లోపలే. మెరీనాలో పెళ్లివాళ్ల మధ్య నిలబడి, నల్లటి సంచీ కోసం ఆటోలో ఇంటికి వచ్చాను.

పెరంబూర్_పెద్దాయన
మీకు ఊటీ ఫిల్మ్ గుర్తులేదా ఎవరికీ? హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్. 1960లో కంపెనీ పెట్టారు, 1967లో తయారీ మొదలైంది. 'ఇందు' అని పేరు. ఇందు అంటే చంద్రుడు, ఎంత మంచి పేరు! మన పక్క కొండ మీద తయారైన ఫిల్మ్ వాడేవాళ్లం, తూర్పు జర్మనీ నుంచి ఆర్వో వచ్చేది. ఇప్పుడు ఇంగ్లండు నుంచో చెక్ దేశం నుంచో తెప్పించుకుని, దాన్ని కొత్తిమీర పక్కన పెట్టుకుంటున్నాం.

గింజలపిచ్చి
ఇందు రోల్ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. తీయబుద్ధి కావడం లేదు.

పెరంబూర్_పెద్దాయన
తీయకు నాయనా. అలాగే ఉండనీ.

చెన్నపట్నం_చిన్నోడు
నేను బ్లాక్ అండ్ వైట్ వాడను. కొడాక్ కలర్ సినిమా ఫిల్మ్ విజన్3 పెద్ద డబ్బా కొంటే విడి కలర్ రోల్స్‌కన్నా బాగా తక్కువ పడుతుంది కదా? 250డీ 400 అడుగులు కొందామనుకుంటున్నాను. 73 రోల్స్!

చీకటిగది
డెవలప్ ఎవరు చేస్తారు?

చెన్నపట్నం_చిన్నోడు
మా వీధిలో ల్యాబ్ ఉంది.

మూడోకన్ను
ఆగు ఆగు. ఆ తప్పు నేను చేశాను, నువ్వు చేయకు. సినిమా నెగటివ్ వెనక రెమ్‌జెట్ అని నల్లటి కార్బన్ పూత ఉంటుంది. ల్యాబ్ మెషీన్ మామూలు కలర్ ఫిల్మ్ కడిగే సి-41 పద్ధతి కోసం. అందులో ఈ పూత కడిగే ఏర్పాటు ఉండదు. నేను ఏమీ చెప్పకుండా ఒక రోల్ ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి ఫోను. ఆ నలుపు ఊడి ద్రావణంలో కలిసి, నా వెనక వచ్చిన మరొకాయన పెళ్లి ఫొటోల మీద చుక్కలు పడ్డాయి. మళ్లీ ఆ వీధిలో నడవలేదు. డబ్బులు కట్టాను, అది వేరే సంగతి.

చీకటిగది
సినిమా నెగటివ్‌కి వాడాల్సింది ఇసిఎన్-2 అనే వేరే పద్ధతి. దాని డెవలపర్ సిడి-3 అనే రసాయనం మీద నడుస్తుంది, సి-41 సిడి-4 మీద. సి-41లో వేసినా బొమ్మ వస్తుంది కానీ రంగులు కొంచెం దారి తప్పుతాయి. ఇంట్లో అయితే ముందు వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గట్టిగా కుదిపి పారబోస్తే కాఫీ డికాక్షన్‌లా నలుపు దిగుతుంది. మిగిలింది చివర్లో తడిగుడ్డతో తుడవాలి. ఈ మధ్య కొడాక్ రెమ్‌జెట్ లేని విజన్3 కూడా తెచ్చింది. కాబట్టి కొనేముందు ఏది అమ్ముతున్నారో అడుగు.

అసలు ప్రశ్న: 73 రోల్స్ నువ్వు ఎన్నేళ్లలో తీస్తావు?

చెన్నపట్నం_చిన్నోడు
ఇంట్లో అడిగి చెప్తాను.

గింజలపిచ్చి
బ్లాక్ అండ్ వైట్‌లో సినిమా ఫిల్మ్ కావాలంటే డబుల్ ఎక్స్ ఉంది కదా, 5222. 1959 నాటిది. రెమ్‌జెట్ లేదు, మామూలు బ్లాక్ అండ్ వైట్ డెవలపర్ డి-76లో హాయిగా కడగొచ్చు. పగటి వెలుగులో 250. ఆ గ్రెయిన్ చూస్తే అన్నం అక్కర్లేదు.

ఎఫ్8_శీను
మా తమ్ముడు విదేశం నుంచి వస్తున్నాడు. వాడితో డబ్బా తెప్పించుకోనా? ఇక్కడికి పార్సిల్ అయితే డ్యూటీ, దాని మీద జీఎస్టీ, కొరియర్ ఖర్చు కలిపి ఆ ఆరు రోల్స్ లాభం గాలికి పోయేలా ఉంది.

మూడోకన్ను
తెప్పించుకోండి, కానీ చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దని చెప్పండి. అక్కడి ఎక్స్‌రే గట్టిది. క్యాబిన్ బ్యాగ్‌కి కూడా ఇప్పుడు చాలాచోట్ల సీటీ స్కానర్లు వచ్చాయి, వాటిలో ఒక్కసారి పోయినా ఫిల్మ్‌కి దెబ్బే. చేత్తో చూడమని అడగాలి.

ఇక్కడే బల్క్ డబ్బాతో అసలు తమాషా. విడి రోల్ అయితే తీసి చూపించొచ్చు. డబ్బా మూత తీస్తే అంతా పోయినట్టే. మా బావ మూత మీద పెద్ద అక్షరాలతో 'తెరవరాదు' అని రాసుకుని వెళ్లాడు. ఆ మాట చూశాకే అక్కడివాళ్లకి తెరవాలనిపించింది. ముక్కాలు గంట బతిమాలుకున్నాడు. చివరికి ఫిల్మ్ అంటే ఏమిటో తెలిసిన ఒక పెద్దావిడ వచ్చి, డబ్బాని పేపర్ ముక్కతో తుడిచి పరీక్ష చేసి వదిలేసింది.

చీకటిగది
కంపెనీ డబ్బా కంపెనీ సీలుతో, బిల్లుతో ఉండాలి. చేత్తో ఏమీ రాయకూడదు.

అంబత్తూర్_అబ్బాయి
కడిగే సంగతి కూడా చెప్పండి. మా ఇంట్లో పంపు నీళ్లే 31 డిగ్రీలు. పట్టికలో అన్నీ 20కి ఉన్నాయి.

చీకటిగది
బకెట్‌లో ఐస్ గడ్డలు, అందులో సీసాలు. కనీసం 24కి దించి, ఆ ఉష్ణోగ్రతకి టైము తగ్గించుకో. ఐదు నిమిషాలకన్నా తక్కువ వస్తే మాత్రం డెవలపర్‌ని ఇంకా పలచన చెయ్యి. లేకపోతే నెగటివ్ మీద మేఘాలు వస్తాయి. మిగతాది వేరే చోట అడుగు, ఈ దారం ఇప్పటికే చిక్కుపడింది.

పాత_అసిస్టెంట్
శీను బాబూ, అటక డబ్బా ఏమైంది?

ఎఫ్8_శీను
అదే చెప్పబోతున్నాను. ఊపిన సంగతి చెప్పాక వాళ్లు ఉత్తినే ఇచ్చేశారు. అటక ఖాళీ అయితే చాలన్నారు.

నిన్న రాత్రి బాత్రూమ్‌లో, కిటికీకి రెండు దుప్పట్లు కట్టి, చీకట్లో తెరిచాను. ఫిల్మ్ పాడైతే వచ్చే వెనిగర్ వాసన లేదు. పొడవెంతో తెలుసుకోవాలి, కొలిచే టేపు చీకట్లో కనపడదు. పూలమ్మే ఆవిడ గుర్తొచ్చింది. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర, మూర, మూర అని చేతి మీద లాగుతూ లెక్కపెట్టాను. బయట మా ఆవిడ 'లోపల మల్లెపూలు అమ్ముతున్నారా' అని అడిగింది. 81 మూరలు వచ్చింది. మూర అడుగున్నర అనుకుంటే 120 అడుగులు.

పెరంబూర్_పెద్దాయన
అయితే ఒక రోల్‌కి మూడు మూరల మీద ఒక జానెడు, ఇంకాస్త. ఇదే మన కొలత ఇక మీదట.

పాత_అసిస్టెంట్
మా రోజుల్లో ఈ తెలివి మాకు తట్టలేదు. పరీక్ష చేశారా?

ఎఫ్8_శీను
ఒక మూర ముక్క కెమెరాలో వేసి మిద్దె మీద స్పీడు 500, 250, 125, 64, 32 అని ఒకే బొమ్మ తీశాను. సోడాతో నలుపు కడిగి డి-76లో బ్లాక్ అండ్ వైట్‌గా కడిగాను. 500లో ఏమీ లేదు. 125లో నీళ్ల ట్యాంకు ఉందని తెలిసినవాళ్లకి తెలుస్తుంది. 32లో బొమ్మ వచ్చింది, కానీ పాత దోమతెర వెనకనుంచి చూసినట్టుంది.

పాత_అసిస్టెంట్
500 ఫిల్మ్ 32కి వచ్చిందంటే నాలుగు స్టాపులు పోయాయి. నేను అనుకున్నదానికన్నా నయమే. మామూలు గదిలో ఉన్న కలర్ ఫిల్మ్‌కి పదేళ్లకి ఒక స్టాప్ వదులుకోమనేవాళ్లు. అటక లెక్క వేరు.

గింజలపిచ్చి
దోమతెర!! నాకు ఇరవై మూరలు.

చీకటిగది
దాన్ని పారేయొద్దు, గింజలపిచ్చికి మొత్తం ఇవ్వొద్దు. లోడర్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఫిల్మ్ లేదు. ముందు వెలుతురులో కళ్లు తెరిచి మూడుసార్లు, తర్వాత కళ్లు మూసుకుని మూడుసార్లు చుట్టండి. కొత్త డబ్బా మీద నేర్చుకుంటే ఒక్కో తప్పు ఒక్కో రోల్.

వేళచ్చేరి_వాణి
నేను మొదట్లో ఇది చేసి ఉంటే 14 కాదు, 17 వచ్చేవి.

ఎఫ్8_శీను
తేల్చుకున్నాం. కెంట్‌మియర్ 400, 100 అడుగులు, తమ్ముడి చేతిలో. ఇల్‌ఫర్డ్ వాళ్ల హెచ్‌పి5 ఫిల్మ్ తయారయ్యే ఫ్యాక్టరీలోనే ఇదీ తయారవుతుంది, ధర తక్కువ. ఫోమాపాన్‌కి ఒకరు, డబుల్ ఎక్స్‌కి ఒకరు ఓటు వేశారు, కానీ డబ్బు ముందు కట్టింది నేను.

చీకటిగది
18 రోల్స్, నలుగురు. తలా నాలుగు పోగా రెండు మిగులుతాయి. అవి ఎవరివో, లోడర్ ఎవరింట్లో ఉంటుందో ఇప్పుడే తేల్చుకోండి. నా మొదటి భాగస్వామ్యం ఫిల్మ్ వల్ల చెడలేదు, లోడర్ వల్ల చెడింది.

అంబత్తూర్_అబ్బాయి
అంత దూరం ఎందుకు సార్, మేం చిన్నప్పటి నుంచి స్నేహితులం.

ఎఫ్8_శీను
మూడు వారాల తర్వాత వస్తున్నాను. డబ్బా క్షేమంగా వచ్చింది. తమ్ముడు మూత మీద ఏమీ రాయలేదు, బిల్లు చూపించాడు, చేత్తో చూసి పంపేశారు. పాత 5218 మీద ఆదివారం అంతా సాధన చేశాం. పదో రోల్‌కి చేతులు వాటంతట అవే తిరిగాయి. కొత్త డబ్బా లోడర్‌లోకి ఎక్కించి ఇప్పటికి ఎనిమిది రోల్స్ చుట్టాం. మొదటి రోల్ కడిగాను. గీత లేదు, పొగ లేదు. 37వ ఫ్రేములో మా పాప ఉంది, సగం మాడిపోయింది. చీకటిగది గారు చెప్పారు, నేనే వినలేదు.

వేళచ్చేరి_వాణి
సగం పాప చాలు. ప్రింటు వేయించు.

పాత_అసిస్టెంట్
సంతోషం. మిగిలిన 5218 నాకు ఒక మూర ఇస్తావా? తీయడానికి కాదు, బల్ల మీద పెట్టుకుంటాను.

ఎఫ్8_శీను
తప్పకుండా గురువుగారూ. ఈ శనివారం మాంబళం స్టేషన్ దగ్గరికి తెస్తాను. మిగతా పది రోల్స్ కూడా ఆ రోజే చుట్టేద్దామనుకుంటున్నాం. లోడర్ ఎవరి దగ్గరుంది? నా దగ్గర లేదు, మిగతా ఇద్దరినీ అడిగాను, వాళ్ల దగ్గరా లేదు.

చీకటిగది
నేనేమీ అనడం లేదు.

అంబత్తూర్_అబ్బాయి
నా స్కూటర్ డిక్కీలో ఉంది. మంగళవారం నుంచి.

వేళచ్చేరి_వాణి
స్కూటర్ ఎక్కడుంది?

అంబత్తూర్_అబ్బాయి
ఆఫీసు బయట. ఎండలో. దిగుతున్నాను దిగుతున్నాను.